రోడ్డు పక్క అర ఎకరా

పుంగనూరు వైపు సోమలలో ఎండ ఇంకా ముదరలేదు. టీ అంగడి ముందు రెండు టెంపోలు ఆగి ఉన్నాయి. వెనకంతా టమోటా క్రేట్లు, మదనపల్లె మార్కెట్టుకు పోవాల్సినవి. డ్రైవర్లు సీట్లోంచి దిగకుండానే గ్లాసులు అందుకుంటున్నారు. నిన్న బాక్సు ఎంత పలికిందో ఒకడు చెబుతుంటే రెండోవాడు నమ్మడం లేదు. వాళ్ళకు కాస్త ఎడంగా, చింతచెట్టు కింద బైకు స్టాండేసి, సీటు మీద కాగితాలు పరుచుకున్న కుర్రాడి కోసం మనం వచ్చాం.

వయసు ఇరవై ఆరు. మొన్నటిదాకా మదనపల్లెలో ఒక టమోటా మండీలో చిట్టా రాసేవాడు. ఏ రైతు ఎన్ని క్రేట్లు దించాడు, ఏ వ్యాపారి ఎంతకు పాడాడు, కమీషన్ పోగా రైతు చేతికి ఎంత వచ్చింది, పొద్దస్తమానం అదే రాత. ఒకరి సరుకు ఇంకొకరికి అమ్మిపెట్టి నడుమ శాతం తీసుకునే విద్య అక్కడే ఒంటబట్టింది. ఇప్పుడదే పని భూమితో చేద్దామని బయల్దేరాడు. బ్యాంకులో ముప్పై ఐదు వేలున్నాయి. బైకు కంతులు తీరిపోయాయి. ఫోన్లో డేటా ఉంది. పెట్టుబడి అంతే.

"దుడ్లు లేకుండా భూమి యాపారమేందిరా అని మా నాయన అడిగినాడు సార్" అని నవ్వుతాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర ఇంకా జవాబు లేదు.

ఇంతలో టీవీఎస్ ఎక్సెల్ ఒకటి పుటపుటమంటూ వచ్చి ఆగింది. దిగినాయనకు అరవై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, జేబులో రెండు పెన్నులు. కుర్రాడు "మామా" అంటాడు. చుట్టరికం కాదు, ఊరి వరస. ఒకప్పుడు పశువుల సంతల్లో ఎద్దుల బేరాలు తెంచినాయన. అమ్మేవాడి చెయ్యి అందుకుని దాని మీద తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి వేలూ వందలూ చెప్పడం, చుట్టూ మూగినవాళ్ళ చెవిన అంకె పడకుండా బేరం ముగించడం ఆయన విద్య. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గిపోయాక భూముల్లోకి మళ్ళాడు. అలవాటు మాత్రం పోలేదు. మన ఎదురుగానే కుర్రాడి చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పాడు.

"ఎకరాకు ఇరవై లక్షలా?" కుర్రాడు పైకే అనేశాడు.

మామ మొహం చిట్లించాడు. "మెల్లగా మాట్లాడు అబ్బోడా. ఈడ చెవులు శానా ఉండాయి."

బేరానికి వచ్చింది ఎకరం యాభై సెంట్ల మామిడి తోట. ఎకరా ఇరవై అంటే మొత్తం ముప్పై లక్షలు. కొనేవాళ్ళ దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ళ దగ్గర ఒక శాతం లెక్కన కమీషన్ అరవై వేలు. మామతో చెరిసగం పంచుకుంటే ముప్పై వేలు. ఒక్క బేరంతో బ్యాంకులో ఉన్నది దాదాపు రెట్టింపవుతుంది. కుర్రాడి కళ్ళల్లో ఆ లెక్క ఇప్పటికే తేలిపోయింది.

కొనే పార్టీ కూడా సిద్ధంగా ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన, మండీలో ఉన్నప్పటి పరిచయం. కర్ణాటకలో వ్యవసాయ కుటుంబం కానివాళ్ళు పొలం కొనాలంటే 2020 దాకా చట్టం అడ్డం వచ్చేది. ఆంధ్రలో ఆ అడ్డు లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. సరిహద్దు దాటితే కుప్పం, పలమనేరు, పుంగనూరు. బెంగళూరు జీతాలు ఈ గట్ల మీదికి రావడానికి అదొక కారణం.

"ఎక్కండి సార్." వెనక సీటు మనది. మామ ఎక్సెల్ ముందు, మనం వెనక.

తార్రోడ్డు దిగగానే తోట. పూత రాలి పిందె నిలిచే కాలం. ఎండుటాకులు చెప్పుల కింద పటపటమంటున్నాయి. తోటాయన గెనిమ మీద కూర్చుని మనకోసమే చూస్తున్నాడు. పిల్లలిద్దరూ బెంగళూరులో స్థిరపడ్డారు. బోరులో నీళ్ళు అడుగంటాయి. మామిడికాయ ఫ్యాక్టరీకి తోలితే ఏ ఏడు ఎంతిస్తారో తెలియదు. అమ్మకానికి అవన్నీ కారణాలే.

"రండి రండి. ఆ మూల నుంచి ఈ మూల దాకా మాదే. మా నాయన కాలం నుంచి ఉండాది."

మామ వెంటనే రేటు ఎత్తుకోబోయాడు. కుర్రాడు ఆపాడు. "రేటు తర్వాత మాట్లాడదాం పెద్దాయనా. పాస్‌బుక్కు తెచ్చినారా?"

తోటాయన ప్లాస్టిక్ సంచీలోంచి తీశాడు. తడిసి ఆరిన పేజీలు, ఒకచోట సిరా అలుక్కుపోయి ఉంది. కుర్రాడు దాన్ని ఫొటోలు తీసుకుని, సర్వే నంబర్లు చేతి మీద రాసుకుని, తోట చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. మనమూ నడుద్దాం. మూలల్లో సర్వే రాళ్ళు ఎక్కడున్నాయో వెతుకుతున్నాడు. రెండు దొరికాయి, ఒకటి పొదలో సగం పూడిపోయి ఉంది. పడమటి గెనిమ పక్కనున్నది ఎవరి కయ్య అని అడిగాడు. తూర్పున బండిదారి ఉందా అని అడిగాడు. లేదు. తోటలోకి వచ్చే దారి ఒక్కటే, ఇందాక మనం దిగిన తార్రోడ్డు వైపు.

సగం దూరం పోయాక ఆగి వెనక్కి చూశాడు. "ఈ చెట్లు చూడండి సార్."

చూస్తే తెలుస్తోంది. లోపలి చెట్ల మొదళ్ళు రెండు చేతులూ చాచినా అందనంత లావు. రోడ్డు వైపు నాలుగు వరసలు మాత్రం సన్నం. బెరడు ఇంకా నునుపుగానే ఉంది. ఒకే తోట, ఒకే రకం కాయ, కానీ ఈ నాలుగు వరసలు బాగా తర్వాత నాటినవి. మరి అంతకుముందు ఇక్కడ ఏముండేది?

తోటాయన్ను అడిగితే తడబడకుండానే చెప్పాడు. "ముందుదంతా బీడే కదా. మేమే చదును చేసుకుంటిమి. తర్వాత పట్టా ఇచ్చినారు."

"ఏ పట్టా?"

"పట్టానే. గవర్మెంటు పట్టా."

మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకు అర్థమైపోయింది. బహుశా ముందే తెలుసు.

ఈ ప్రాంతంలో భూమి పని మొదలుపెట్టేవాడు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. అందుకని కాస్త ఆగుదాం. రాయలసీమలో డీకేటీ పట్టా అంటే భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగు చేసుకోమని ఇచ్చిన భూమి. దున్నుకోవచ్చు, చెట్లు పెట్టుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదని 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చెబుతుంది. కొన్నవాడికి హక్కు రాదు. తహసీల్దారు వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాడి డబ్బు కొన్నవాడి నెత్తినే. ఇలాంటివన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి.

2023లో ఆ 1977 చట్టాన్ని సవరించారు. ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన భూమిని అసలు లబ్ధిదారుడైనా, వారసులైనా అమ్ముకోవచ్చన్నారు. డీకేటీ కాగితాలకు ఒక్కసారిగా విలువ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, ఆ సవరణ పేరుతో నిషేధిత జాబితా నుంచి బయటపడిన భూములన్నీ మళ్ళీ పరిశీలించాలని రిజిస్ట్రేషన్లు ఆపారు. ఆ ఏడాది జూలై 21 ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. కేసు సీఐడీ దాకా వెళ్ళింది. ఈ చుట్టుపక్కల డీకేటీ అనే మాట వింటే ఇప్పటికీ జనం అటూ ఇటూ చూసుకుని మాట్లాడతారు.

కుర్రాడు చెట్టు నీడలో కూర్చుని ఫోన్లో ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమి తెరిచాడు. సిగ్నల్ ఒక గీతే ఉంది. పేజీ తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. మామ గొణుగుతున్నాడు. తోటాయన మనకు చెంబుతో నీళ్ళిచ్చాడు. చివరికి అడంగల్ వచ్చింది. ఒకే సర్వే నంబరులో రెండు సబ్ డివిజన్లు. ఒకదాంట్లో ఎకరం, భూమి స్వభావం గడిలో 'పట్టా'. రెండోదాంట్లో యాభై సెంట్లు, అదే గడిలో 'డీకేటీ'.

రోడ్డు పక్క అర ఎకరా.

ఎకరం యాభై సెంట్లలో అమ్మకూడని భాగం ఏదైనా మూలనో వెనకనో ఉంటే దాన్ని వదిలేసి మిగతాది అమ్మొచ్చు. ఇక్కడ అదే ముందు భాగం, తోటకు గడప అదే. అది తీసేస్తే మిగిలిన ఎకరానికి దారే లేదు. దారి లేని ఎకరాన్ని ఇరవై లక్షలకు ఎవరు కొంటారు?

"ఏమయ్యింది ఇప్పుడు?" మామ ఎక్సెల్ దగ్గరికి నడుస్తూ అన్నాడు. "ఆ పార్టీ డీకేటీ అని అడిగినాడా? అడగలే. పాస్‌బుక్కులో మొత్తం ఒకే పేరు మీద ఉండాది. చూసుకునేది వాళ్ళ లాయరు పని."

"రేపు రిజిస్ట్రేషన్‌లో ఆగిపోతాది కదా మామా."

"ఎకరం రిజిస్ట్రేషన్ చేసి, ముందుదానికి అగ్రిమెంటు రాసిస్తే సరి. ఎంతమంది చేసుకోలే!"

నిజమే, చాలామంది చేసుకున్నారు. అందుకే ఈ వైపు ఊళ్ళల్లో స్వాధీనం ఒకరిది, పేరు ఒకరిది, తగాదా ఇద్దరిదీ.

అక్కణ్ణుంచి గ్రామ సచివాలయానికి పోయాం. సర్వేయరు సీట్లోనే ఉన్నారు, అది మన అదృష్టం. పొలం కొలతలుండే ఎఫ్ఎంబీ స్కెచ్ తీసి చూపించారు. సబ్ డివిజన్ గీత సరిగ్గా సన్నచెట్లూ లావుచెట్లూ కలిసే చోటనే ఉంది. హద్దులు కొలిపించుకోవాలంటే ఎఫ్‌లైన్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నారు. కుర్రాడు ఇంకో ప్రశ్న వేశాడు. ఊళ్ళో రీసర్వే అయ్యిందా, అయితే పాత సర్వే నంబరుకు కొత్త ఎల్‌పీఎం నంబరు ఏది? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి భూములను ఒకే ఎల్‌పీఎం కింద కలిపేసి రాశారు. పాత నంబరుతో ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం) తీసి, కొత్త నంబరుతో 1బీ (హక్కుల రికార్డు) తీసి, రెండూ ఒకటేనని తేల్చుకోలేక తల పట్టుకున్న రైతులు ఎంతమందో. మండీలో చిట్టా రాసిన చెయ్యి కదా, ఇతనికి ఈ జత కలిపే పని బాగా వచ్చు.

పుంగనూరు పోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గర జిరాక్స్ అంగళ్ళు, స్టాంపులమ్మేవాళ్ళు, రేకుల పంచల్లో డాక్యుమెంట్ రైటర్లు. రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన ఒక కుటుంబం వేపచెట్టు కింద సద్ది విప్పుకుంది. సంగటి ముద్దలు, ఊరిబిండి. ముసలమ్మ వేలికి ఇంకా సిరా ఆరలేదు.

కుర్రాడు తరచూ వచ్చి కూర్చునే రైటరు యాభై ఏళ్ళాయన. ముక్కు కొసన కళ్ళద్దాలు. ఇతను ఖాళీగా ఉన్నరోజుల్లో ఆయన దగ్గర దస్తావేజులు చదివి పెడతాడు. జీతం లేదు, పాత దస్తావేజులు చదవడం నేర్పిస్తాడు. నన్నడిగితే, చేతిలో డబ్బు లేనివాడికి ఇంతకంటే మంచి కాలేజీ లేదు.

"ఆ ఎకరం పట్టా దానికి లింకు డాక్యుమెంట్లు చూస్తివా?" రైటరు అడిగాడు.

"ఆయన నాయన పేరు మీద నుంచి వచ్చింది సార్. భాగపరిష్కారం కాగితం ఉండాది. ఇద్దరు అన్నదమ్ముల సంతకాలు."

"అక్కచెల్లెళ్ళు?"

కుర్రాడు ఆగిపోయాడు. అడగలేదు.

"పెండ్లి ఎప్పుడైందో కూడా కనుక్కో. మన రాష్ట్రంలో ఆడబిడ్డకు పిత్రార్జితంలో వాటా 1985 నుంచే ఉండాది. ఎన్టీ రామారావు తెచ్చిన చట్టం. దేశమంతా వచ్చింది 2005లో. మగోళ్ళు ఇద్దరూ కూచుని పంచుకుని సంతకాలు పెట్టుకుంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత రేటు పెరగతానే చెల్లెలు కోర్టుకు పోతాది. ఆ యమ్మది తప్పు కాదు."

ఈసీ తీయించడానికి దరఖాస్తు రాయిస్తూ ఇంకొన్ని చెప్పుకుపోయాడు. 1983 తర్వాతి లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకుముందువి కార్యాలయంలో పుస్తకాలు తిరగేయించాలి. సేల్ డీడుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి ఏడున్నర శాతం. ముప్పై లక్షలకు రెండు లక్షల ఇరవై ఐదు వేలు. కొనేవాళ్ళకు ఈ అంకె ముందే చెప్పకపోతే ఆఖరి రోజున బేరం చెడేది ఇక్కడే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ మీద కొనుక్కున్నానని ఎవరైనా వస్తే, అమ్మకానికి అది పనికిరాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పిందని వాళ్ళకు చెప్పు. అడ్వాన్సు ఇరవై వేలు, ఆపైన అయితే నోట్లు వద్దు, బ్యాంకులోనే వేయించు. నగదు తీసుకున్నవాళ్ళ మీద తీసుకున్నదంతా జరిమానాగా పడొచ్చు. వ్యవసాయం తప్ప ఇద్దరికీ వేరే రాబడి లేకపోతే మినహాయింపు ఉంది గానీ, బెంగళూరు ఉద్యోగస్తుడికి అది వర్తించదు.

"ఇంటి జాగా బేరమొస్తే అంకణం ఎన్ని అడుగులో కూడా అడుగు" అని నవ్వాడు. "మన పక్క అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరోళ్ళది 72. మొన్న ఒకాయన ఆ లెక్కన రేటు ఒప్పుకుని ఈడికొచ్చి సగం జాగా చూసి లబోదిబోమన్నాడు."

బయటికొస్తే టీ అంగట్లో తెల్లచొక్కా ఆయన కుర్రాణ్ణి పిలిచాడు. ఫైనాన్సు నడుపుతాడు. సోమల తోట సంగతి అప్పుడే ఆయన చెవిన పడింది. పొద్దున మామ అన్నది నిజమే, చెవులు శానా ఉన్నాయి.

"కమీషన్ కోసరం ఎన్నాళ్ళు తిరగతావు రా? అగ్రిమెంటు నీ పేరున రాయించుకో. మూడు లక్షలు అడ్వాన్సు. నీది ముప్పై ఐదు పెట్టు. మిగిలింది నేనిస్తా, మూడు రూపాయల వడ్డీ. మూడు నెలల గడువు పెట్టించు. ఈలోపు ఎకరా మీద రెండు లక్షలు వేసుకుని ఇంకొకరికి తిప్పేద్దాం. మూడు లక్షలు మిగలతాది."

వినడానికి ఎంత బాగుందో! కుర్రాడు జేబులోంచి పెన్ను తీశాడు. అంగడి బల్ల మీదున్న పేపరు అంచున లెక్క వేశాడు. రెండు లక్షల అరవై ఐదు వేలకు నూటికి మూడు రూపాయలంటే నెలకు 7,950. మూడు నెలలకు 23,850. గడువులోగా ఇంకో పార్టీ దొరక్కపోతే అడ్వాన్సు పోయినట్టే. తన ముప్పై ఐదు వేలూ పోయి, పైన 2,88,850 అప్పు మిగులుతుంది. రేట్లు ఎగబాకే రోజుల్లో ఈ తిప్పుడు కుదిరినవాళ్ళున్నారు, కాదనను. వాళ్ళ కార్లు మనకు కనబడతాయి. కుదరనివాళ్ళు ఊళ్ళోనే ఉండరు కాబట్టి కనబడరు. పైగా ఇక్కడ తిప్పబోయే సరుకులో మూడోవంతు డీకేటీ. అమ్మేవాడికే అమ్మే హక్కు లేని భూమి మీద అప్పు తెచ్చి అడ్వాన్సు కట్టడం!

"చూసి చెప్తానన్నా" అని లేచాడు.

పేపరు అంచు చింపి జేబులో పెట్టుకున్నాడు. లెక్క తెల్లచొక్కా ఆయన కంట పడకూడదని కాబోలు.

అతనికి ఇంకో దారి కూడా ఎవరో చూపించారట. రోడ్డు మీద పోతుంటే కనిపిస్తూనే ఉంటాయి, రంగుల జెండాలు, కమాను, మధ్యలో ఎర్రమట్టి రోడ్లు. వెంచర్. ఏజెంటుగా చేరమంటారు. హోటల్లో మీటింగు, సూట్లు వేసుకున్నవాళ్ళ ప్రసంగాలు, కింద ముగ్గురిని చేర్పిస్తే పైకి ఒక హోదా. మొదటి ప్లాటు నువ్వే కొనుక్కో, రెండోది మీ బావకు అమ్ము. నాకైతే ఆ మీటింగుల పేరు వింటేనే అగ్రిగోల్డ్ గుర్తొస్తుంది. ప్లాటో, డబ్బో ఇస్తామని సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల దాకా వసూలు చేసి 2014, 15 నాటికి చేతులెత్తేసిన సంస్థ అది. వసూలు చేసినవాళ్ళలో చాలామంది ఇలాంటి కుర్రాళ్ళు, టీచర్లు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు. పెట్టుబడి లేని ఏజెంట్లు కదా, వాళ్ళు పెట్టింది చుట్టాల నమ్మకం. ఆ తర్వాత ఆ ఇళ్ళల్లో శుభకార్యాలకు పిలుపులు ఆగిపోయాయి.

వెంచర్‌లో పనిచేయడం తప్పని కాదు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు మించినా ఆ లేఅవుటు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలని 2016 చట్టం. అందులో ప్లాటు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా నమోదు కావాలి. లేకుండా అమ్మితే రోజుకు పది వేల చొప్పున, ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మీటింగుకు పిలిచినవాడిని రెరా నంబరు, లేఅవుటు ఎల్‌పీ నంబరు అడిగితే ఏమంటాడో చూడమన్నాను. "అడిగినా సార్, వస్తా ఉండాది అన్నాడు" అన్నాడు కుర్రాడు. ఏడాదయిందట, ఇంకా వస్తూనే ఉంది.

తిరుగుదారిలో బైకు ఆపి బెంగళూరుకు ఫోను చేశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి మనమూ విందాం.

"సార్, తోట బాగుండాది. కానీ ముందరి యాభై సెంట్లు డీకేటీ. రిజిస్ట్రేషన్ కాదు. వెనక ఎకరానికి దారి లేదు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "మరి నిన్న మీ మామగారు క్లియర్ టైటిల్ అన్నారే?"

"నేను ఈ పొద్దు చూసినా సార్. కాగితం పంపిస్తా, మీ లాయరుకు చూపించండి. ఇంకా ఒక సందేహం ఉండాది, అమ్మేవాళ్ళకు అక్కచెల్లెళ్ళు ఉండారేమో కనుక్కోవాల."

"సరే, చూద్దాం" అని పెట్టేశాడు. ఆ 'చూద్దాం'లో ఏమీ లేదని ఈ పనిలో కొత్తవాళ్ళకు కూడా తెలుస్తుంది. ముప్పై వేలు గాలికి పోయాయి. పెట్రోలు, ఈసీ రుసుము, జిరాక్సులు చేతి ఖర్చు. చెయ్యి మీద రాసుకున్న సర్వే నంబరు చెమటకు సగం చెరిగిపోయింది.

సోమలకు వచ్చేసరికి మామ మళ్ళీ చింతచెట్టు కిందే ఉన్నాడు. సంగతి విన్నాడు. తిట్టాడు, బాగానే తిట్టాడు. సంతలో పళ్ళు చూపించకుండా ఎద్దును అమ్మిన రోజులు ఎత్తుకున్నాడు. కుర్రాడు ఎదురు చెప్పలేదు. ఎఫ్ఎంబీ జిరాక్స్ తీసి సీటు మీద పరిచి, పడమటి గెనిమ పక్క కయ్య మీద వేలు పెట్టాడు.

"ఇది పూర్తి పట్టా మామా. చూసినా. దీని అంచున పన్నెండు అడుగుల దారి రిజిస్టరు చేసిస్తారేమో అడగతామా? తార్రోడ్డు దాకా పోతాది. మూడు నాలుగు సెంట్లు పోతాది వాళ్ళకు. దారి వస్తే ఎకరం అమ్ముడుబోతాది, ఇరవైకి కాదు గానీ."

మామ చాలాసేపు ఆ కాగితం చూశాడు. కళ్ళద్దాలు లేవు, దూరం పెట్టి చూశాడు. "ఆ కయ్య ఎవురిదో నాకు తెలుసు. వాళ్ళ చిన్నాయన నా దగ్గర ఎద్దులు కొన్నాడు" అన్నాడు. తిట్లు ఆగిపోయాయి. కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

ఆ దారి కుదురుతుందో లేదో మనకు తెలియదు. పక్క కయ్యాయన ఒప్పుకోవాలి, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళు సంతకం పెట్టాలి, ఆ ధరకు కొనేవాడు రావాలి. కుదిరినా కుర్రాడి వాటా ఇరవై వేలు దాటదు.

ఇక పొలమున్నవాళ్ళకు ఒక మాట. ఇలాంటి కుర్రాళ్ళు ఇప్పుడు అన్ని మండలాల్లోనూ తిరుగుతున్నారు. వచ్చి పాస్‌బుక్కు చూపించమంటే విసుక్కోకుండా చూపించండి. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దాని మీద 'పరిశీలనకు మాత్రమే' అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వండి. కాగితం అడక్కుండానే రేటు ఒప్పుకుని అడ్వాన్సు చేతిలో పెట్టబోయేవాడికి మాత్రం ఒక టీ ఇప్పించి పంపించేయండి.